సోడా బ్రెడ్

సోడా బ్రెడ్ అనేది ఈస్ట్ వాడకుండా, వంట సోడా సహాయంతో పొంగించి కాల్చే ఒక రకమైన బ్రెడ్. ఇది ఐర్లాండ్ దేశపు సాంప్రదాయిక ఆహారాలలో ముఖ్యమైనది. గోధుమ పిండి, వంట సోడా, ఉప్పు, మజ్జిగ అనే నాలుగు పదార్థాలతో దీనిని తయారుచేస్తారు. ఈస్ట్ బ్రెడ్డుకు పిండి పొంగడానికి కొన్ని గంటలు పడుతుంది. సోడా బ్రెడ్ మాత్రం సుమారు ఒక గంటలో సిద్ధమవుతుంది.

చరిత్ర

క్షారంతో పిండిని పొంగించే పద్ధతి ఐర్లాండులో పుట్టినది కాదు. 1796లో అమెరికాలో వెలువడిన అమీలియా సిమ్మన్స్ వంటల పుస్తకంలో, కట్టెల బూడిద నుండి తీసే పెర్ల్‌యాష్ అనే క్షారం వాడకం కనిపిస్తుంది. ఐర్లాండులో వంట సోడా వాడుక 1830ల నుండి వ్యాపించింది. అక్కడి చల్లని, తేమతో కూడిన వాతావరణంలో పండే మెత్తని గోధుమలో గ్లూటెన్ తక్కువ. అటువంటి పిండి ఈస్ట్ బ్రెడ్డుకు అంతగా పనికిరాదు గాని సోడా బ్రెడ్డుకు చక్కగా సరిపోతుంది.

1845-1852 మధ్య బంగాళాదుంప పంటకు తెగులు సోకి వచ్చిన మహాక్షామంలో సుమారు పది లక్షలమంది మరణించారు. బంగాళాదుంపపైనే ఆధారపడటం తగ్గిన తరువాతి కాలంలో పేదల ఇళ్ళలో ఈ బ్రెడ్ వాడుక పెరిగింది. వెన్న తీయగా మిగిలిన మజ్జిగ పల్లెలలో సులభంగా దొరికేది. ఓవెన్ లేని ఇళ్ళలో బాస్టిబుల్ అనే ఇనుప పాత్రలో పిండి ముద్దను ఉంచి, మూతపై కూడా నిప్పులు వేసి కాల్చేవారు. కోస్తా ఆంధ్రలో మూతపై నిప్పులు వేసి దిబ్బరొట్టె కాల్చే పద్ధతి ఇటువంటిదే.

పొంగడానికి కారణం

వంట సోడా (సోడియం బైకార్బొనేట్) ఒక క్షారం. పుల్లని మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు సోడియం లాక్టేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. ఈ వాయువు బుడగలే పిండిని గుల్లబరుస్తాయి. తడి తగిలిన వెంటనే ఈ చర్య ప్రారంభమవుతుంది కనుక, కలిపిన పిండిని నిలవ ఉంచరాదు. సోడా ఎక్కువైనా, మజ్జిగలో పులుపు చాలకపోయినా బ్రెడ్డుకు సబ్బు వంటి రుచి, పసుపు రంగు వస్తాయి.

కావలసిన పదార్థాలు

* గోధుమ పిండి లేదా మైదా - 450 గ్రాములు
* వంట సోడా - 1 టీస్పూను
* ఉప్పు - 1 టీస్పూను
* పుల్లని చిక్కటి మజ్జిగ - 350 నుండి 400 మి.లీ.

తయారుచేయు విధానం

# ఓవెన్‌ను ముందుగా 220 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలి.
# సోడాలోని ఉండలను చిదిపి, పిండి, ఉప్పులతో కలిపి జల్లించాలి.
# మధ్యలో గుంట చేసి, మజ్జిగ పోస్తూ చేతి వేళ్ళతో తేలికగా కలపాలి. చపాతీ పిండి వలె పిసకరాదు. పిసికితే బ్రెడ్ గట్టిపడుతుంది.
# ముద్దను సుమారు 4 సెం.మీ. మందాన గుండ్రంగా చేసి, పైన కత్తితో లోతుగా శిలువ ఆకారంలో గాటు పెట్టాలి. దీనివలన వేడి లోపలికి చేరి, మధ్యభాగం పచ్చిగా మిగలదు.
# 15 నిమిషాలు కాల్చి, వేడిని 200 డిగ్రీలకు తగ్గించి మరో 25 నుండి 30 నిమిషాలు ఉంచాలి. అడుగున తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే బ్రెడ్ కాలినట్లే.

రకాలు

ఉత్తర ఐర్లాండులో ముద్దను నాలుగు భాగాలుగా కోసి పెనంపై కాలుస్తారు. వీటిని ఫార్ల్ అంటారు. ముడి గోధుమ పిండితో చేసే బ్రెడ్డును అక్కడ వీటెన్ బ్రెడ్ అంటారు. అమెరికాలో మార్చి 17న సెయింట్ పాట్రిక్ దినానికి చేసే రకంలో పంచదార, వెన్న, గుడ్లు, ఎండుద్రాక్ష కూడా వేస్తారు.

జాగ్రత్తలు

ఈ బ్రెడ్ త్వరగా ఎండిపోతుంది. చేసిన రోజునే తినడం మంచిది. ఒక టీస్పూను వంట సోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పులోని సోడియం దీనికి అదనం. కావున రక్తపోటు ఉన్నవారు మితంగా తినాలి.

తెలుగు వంటలతో పోలిక

మైదా, పుల్లని పెరుగు, వంట సోడా కలిపి చేసే మైసూరు బోండా గుల్లగా రావడానికి కూడా ఇదే రసాయనిక చర్య కారణం. ఇడ్లీ పిండి మాత్రం సూక్ష్మజీవుల వలన పులిసి పొంగుతుంది.

ఇవి కూడా చూడండి

* వంట సోడా
* మజ్జిగ
* దిబ్బరొట్టె
* ఐర్లాండ్