తెలుగు ఆన్‌లైన్ రచ్చబండలు ఏమయ్యాయి? వాట్సాప్ గ్రూపులతో పోయిందేంటి?

కొత్తపేట (కోనసీమ): కొబ్బరి చెట్టుకి తెల్లదోమ పట్టిందనుకోండి. ఆకు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే కాసేపట్లోనే జవాబులు వస్తాయి. నెల తర్వాత పక్క ఊరి రైతుకి అదే సమస్య వస్తే? మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే. పాత జవాబు వేరే గ్రూపులో, వందల మెసేజ్‌ల కింద ఉండిపోతుంది. ఈ ఇబ్బంది లేకుండా చేసినవే ఆన్‌లైన్ చర్చా వేదికలు, అంటే ఫోరంలు.

ఫోరం అంటే ఏంటి?
ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. దాని కిందే జవాబులు. ఎవరైనా తప్పు చెబితే ఇంకొకరు అక్కడే సరిదిద్దుతారు. ఏళ్ల తర్వాత కూడా వెతికి చదువుకోవచ్చు.

తెలుగులో ఎప్పుడు మొదలయ్యాయి?
1990ల్లోనే అమెరికాలోని తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో 'సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు' వేదికపై చర్చించుకునేవారు. కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ సులువు కాని రోజులవి. అందుకే అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తయారైన పద్ధతిలో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేవారు. తర్వాత యాహూ గ్రూప్స్‌లో సాహిత్య చర్చలకు 'రచ్చబండ' వేదికైంది. 2004లో ఆర్కుట్ వచ్చింది.

ఎందుకు తగ్గాయి?
2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్, 2020 డిసెంబర్ 15న యాహూ గ్రూప్స్ మూతపడ్డాయి. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్ కొత్త పోస్టులు ఆగిపోయాయి. మరోవైపు 2016 సెప్టెంబర్‌లో జియో రాకతో డేటా చౌకైంది. కొత్తగా నెట్‌లోకి వచ్చిన చాలామంది నేరుగా వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌కే వెళ్లారు. పేజీ తెరిచి రాయడం కంటే వాయిస్ మెసేజ్ పంపడం తేలిక కదా!

నష్టం ఏంటి?
ఫోరంలలోనూ గొడవలు, తిట్లు ఉండేవి. కానీ అవి అందరికీ కనిపించేవి. వాట్సాప్ గ్రూపులో ఏం తిరుగుతోందో బయటివాళ్లకు తెలీదు. అబద్ధం ఇరవై గ్రూపులకు పాకితే, సరైన సమాచారం ఒక్క గ్రూపులోనే ఆగిపోవచ్చు. 2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో ఆందోళన హింసాత్మకంగా మారింది. వాట్సాప్ గ్రూపుల ద్వారా జనాన్ని కూడగట్టారని పోలీసులు అప్పట్లో చెప్పారు. కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు.

ఇంకా మిగిలినవేంటి?
2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో 'రచ్చబండ' పేరుతోనే చర్చా పేజీ ఉంది. అక్కడి పాత చర్చలు ఎవరైనా చదవొచ్చు. రెడ్డిట్‌లోనూ తెలుగువాళ్ల చర్చలు నడుస్తున్నాయి.

ఏం చేయొచ్చు?
గ్రూపులో పనికొచ్చే జవాబు దొరికితే తేదీ, చెప్పినవారి వివరం రాసి విడిగా దాచుకోండి. మందు కొట్టే ముందు మాత్రం గ్రూపు మాట ఒక్కటే నమ్మొద్దు. కొబ్బరి తెగుళ్లపై అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగి నిర్ధారించుకోండి.