‘రజనీగంధ’ (1974): ఒక అమ్మాయి, ఇద్దరు ప్రేమికులు, విలన్ లేని కథ

‘రజనీగంధ’ 1974లో వచ్చిన హిందీ సినిమా. దర్శకుడు బాసు ఛటర్జీ, నిర్మాత సురేశ్ జిందల్. హిందీ రచయిత్రి మన్నూ భండారీ రాసిన ‘యహీ సచ్ హై’ కథ దీనికి ఆధారం. దీపగా విద్యా సిన్హా, సంజయ్‌గా అమోల్ పాలేకర్, నవీన్‌గా దినేశ్ ఠాకూర్ నటించారు. సంగీతం సలీల్ చౌధురి, పాటలు యోగేశ్, ఛాయాగ్రహణం కె.కె. మహాజన్. ఇద్దరు మగవాళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేక సతమతమయ్యే ఒక చదువుకున్న అమ్మాయి కథ ఇది. ఆ సతమతాన్ని తప్పుగా చూపించకపోవడం, దానికి ఆమెను శిక్షించకపోవడం ఆనాటి హిందీ సినిమాలో అరుదు. యాభై ఏళ్లు దాటినా ఈ సినిమా గురించి మాట్లాడుకోవడానికి ప్రధాన కారణం అదే.

పేరులోని రజనీగంధ మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన పువ్వే. మనం నేల సంపెంగ అంటాం, పూల అంగళ్లలో లిల్లీ అని అడుగుతాం. ఎక్కువగా దండల్లో చూస్తాం. ఢిల్లీ ఇళ్లలో దాన్ని పొడవాటి కాడలతోనే కొని గాజు కూజాలో నిలబెడతారు. రాత్రిపూట వాసన ఎక్కువవుతుంది కాబట్టి ఆ పేరు. సినిమాలో ఈ పూలు తెచ్చేది సంజయ్.

కథేమిటి?

దీప ఢిల్లీలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తోంది. సంజయ్‌తో పెళ్లి దాదాపు ఖాయమే. సంజయ్ మంచివాడు, సరదా మనిషి. ఏ రోజూ సమయానికి రాడు. వచ్చాక ఆఫీసు రాజకీయాలు, రాబోయే ప్రమోషన్ తప్ప మరో మాట ఉండదు. ఆమె కోపంగా ఉన్న సంగతి కూడా కాస్త ఆలస్యంగానే అర్థమవుతుంది. అప్పుడు నవ్వేసి, చేతిలోని పూలు ఇచ్చేస్తాడు. ఆమె కోపం కరిగిపోతుంది. సినిమాలోని హాస్యం చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఇంతలో బొంబాయిలోని ఒక కాలేజీ నుంచి దీపకు ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. స్నేహితురాలు ఇరా ఇంట్లో దిగుతుంది. అక్కడ ఆమెకు సాయంగా నిలబడేది నవీన్. కాలేజీ రోజుల్లో ఇద్దరూ ప్రేమించుకున్నారు, గొడవపడి విడిపోయారు. ఇప్పుడతను ప్రకటనల రంగంలో ఉన్నాడు. పొడవాటి జుట్టు, నల్లద్దాలు, చేతిలో సిగరెట్, తక్కువ మాటలు. చెప్పిన సమయానికి వస్తాడు. ఉద్యోగం కోసం తెలిసినవాళ్లతో మాట్లాడతాడు. ఆమె చీర బాగుందని గమనిస్తాడు. సంజయ్‌లో లేనివన్నీ ఏరి పోగేస్తే తయారయ్యే మనిషి అతను.

దీప మనసు మళ్లుతుంది. నవీన్ ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూస్తుంది. అతను అనడు. ఆమె ఢిల్లీకి తిరిగి వస్తుంది. ఉద్యోగం వచ్చిందన్న కబురు అందుతుంది. అదే సమయంలో సంజయ్ ఎప్పటిలాగే చేతినిండా రజనీగంధ పూలతో, ప్రమోషన్ వచ్చిందన్న ఉత్సాహంతో గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. దీప ఏమీ అడగకుండా అతన్ని హత్తుకుంటుంది.

సంఘటనలు ఇంతే. పెద్దల బలవంతం లేదు, అపార్థాల మలుపులు లేవు, ఇద్దరు మగవాళ్లు తలపడే సన్నివేశం కూడా లేదు. వాళ్ల మధ్య పోటీ జరిగేదల్లా దీప బుర్రలోనే.

‘ఇదే నిజం’ అంటే ఏది?

మన్నూ భండారీ 1931లో మధ్యప్రదేశ్‌లోని భాన్‌పురాలో పుట్టారు. ఢిల్లీలోని మిరాండా హౌస్ కాలేజీలో చాలా ఏళ్లు హిందీ బోధించారు. స్వాతంత్ర్యం తర్వాతి నగర మధ్యతరగతి జీవితాన్ని, ఆడ-మగ సంబంధాలను కథావస్తువుగా తీసుకున్న ‘నయీ కహానీ’ ఉద్యమంలో ఆమెది ముఖ్యమైన గొంతు. ‘యహీ సచ్ హై’ ఆ ఉద్యమం ఊపందుకున్న కాలంలో వచ్చింది.

కథ దీప రాసుకున్న డైరీలా, ఉత్తమ పురుషలో సాగుతుంది. ఊళ్లు వేరు: కాన్పూర్, కలకత్తా. పాత ప్రేమికుడి పేరు కూడా నవీన్ కాదు, నిశీథ్. కాన్పూర్‌లో ఉన్నప్పుడు దీపకు సంజయ్ ప్రేమే నిజం, నిశీథ్‌తో గడిచింది చిన్నతనపు పిచ్చి. కలకత్తా వెళ్లాక మొదటి ప్రేమే అసలు నిజం, సంజయ్ మీద ఉన్నది కేవలం కృతజ్ఞత. తిరిగొచ్చి నిశీథ్‌కు మనసంతా విప్పి ఉత్తరం రాస్తుంది. ఉద్యోగం వచ్చినందుకు అభినందనలతో నాలుగు ముక్కల జవాబు వస్తుంది. అప్పుడే సంజయ్ పూలతో వస్తాడు.

హిందీలో ‘యహీ’ అనే మాటకు తెలుగులో ‘ఇదే’ సరిగ్గా సరిపోతుంది. రెండూ దగ్గర ఉన్నదాన్నే చూపిస్తాయి. కథ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది. దీప ఎక్కడున్నా ‘ఇదే నిజం’ అంటుంది, అన్న ప్రతిసారీ నిజాయితీగానే అంటుంది. మారేదల్లా ఎదుట ఉన్న మనిషి. ప్రేమ శాశ్వతమని చెప్పే వేల కథల మధ్య ఒక రచయిత్రి, ప్రేమ చాలావరకు సమీపం మీద, సమయం మీద ఆధారపడుతుందేమో అని అడిగింది. పైగా ఆ సందేహాన్ని చంచలమైన మగవాడికి కాక, బుద్ధిమంతురాలైన ఒక పరిశోధక విద్యార్థినికి ఇచ్చింది.

సినిమాకు ఇక్కడే చిక్కు. డైరీలో మనసులోని మాట ఎంతైనా రాయొచ్చు, తెరమీద మనసు కనిపించదు. బాసు ఛటర్జీ దీన్ని పెద్ద ఆర్భాటం లేకుండా దాటారు. భారం ఎక్కువగా విద్యా సిన్హా ముఖం మీదే పెట్టారు. ఎదురుచూపులో, చిరాకులో, ఏదో చెప్పబోయి ఆగిపోవడంలో ఆమె దాన్ని మోసింది. ఊళ్లను ఢిల్లీ, బొంబాయిగా మార్చడం కూడా కలిసొచ్చింది. గుమాస్తా కబుర్ల సంజయ్‌కు ఢిల్లీ, ప్రకటనల లోకపు నవీన్‌కు బొంబాయి అతికినట్టు సరిపోయాయి.

టాక్సీలో వినిపించిన గొంతు

సినిమాలో పాటలు రెండే. ఒకటి లతా మంగేష్కర్ పాడిన రజనీగంధ పూల పాట. అది వినడానికి హాయిగా ఉంటుంది, దాని గురించి చెప్పాల్సింది అంతకుమించి లేదు. రెండోది సినిమాకు గుండెకాయ.

దీప, నవీన్ టాక్సీ వెనక సీట్లో చెరో చివర కూర్చుని ఉంటారు. బయట బొంబాయి కదిలిపోతుంటుంది. గాలికి ఆమె చీర కొంగు ఎగిరి అతని వైపు వెళ్తుంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు, ఆమె అతన్ని చూస్తుంటుంది. ఎవరూ పెదవి కదపరు. వెనక నుంచి పాట వినిపిస్తుంది. మనసు హద్దులు దాటాలనుకోవడం గురించిన ఆ పాట పూర్తిగా దీప మనసులోని మాటే. పాడింది మాత్రం ముకేశ్.

ఆడమనిషి అంతరంగానికి మగగొంతు ఎందుకు? లతతోనే పాడించి ఉంటే అది మామూలు విరహగీతం అయిపోయేదని నాకనిపిస్తుంది. ముకేశ్ గొంతు వల్ల ఆ సందేహం దీప ఒక్కదానిదిగా కాక, ఎవరికైనా రాగల సందేహంగా వినిపిస్తుంది. ఇంకోలా చూసేవాళ్లూ ఉండొచ్చు: ఆమె ఊగిసలాటను చెప్పుకునే హక్కు కూడా చివరికి ఒక మగవాడికే దక్కిందని. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. ఏమైనా ఈ పాటకు ముకేశ్‌కు ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చింది.

ఉద్యోగం సంగతి ఏమైంది?

దీప సంజయ్‌ను ఎంచుకుంటుంది సరే. బొంబాయి కాలేజీలో వచ్చిన ఉద్యోగం మాటేమిటి? ఆమె అంత దూరం వెళ్లింది ప్రేమ కోసం కాదు, ఇంటర్వ్యూ కోసం. మూలకథలో సంజయ్, ఉద్యోగం వస్తే తానూ కలకత్తాకు బదిలీ చేయించుకుంటానని అంటాడు. ఆ చిన్న వాక్యంతో అతను మన కళ్లలో కాస్త ఎదుగుతాడు. సినిమాలో ముగింపు ఊపు మొత్తం సంజయ్ ప్రమోషన్, ఢిల్లీ, పెళ్లి వైపే సాగుతుంది. ఇద్దరు మగవాళ్ల మధ్య ఎంపికను అంత ఓపికగా చూపించిన దర్శకుడు, ఉద్యోగానికీ పెళ్లికీ మధ్య ఉన్న ఎంపికను ఒక కౌగిలింతతో దాటేశారు. 1974 ప్రేక్షకులకు ఇది పెద్దగా తట్టి ఉండకపోవచ్చు. ఇవాళ చూసే అమ్మాయిలకు నవీన్, సంజయ్‌ల కన్నా ముందు గుర్తొచ్చే ప్రశ్న ఇదే కావచ్చు.

అయినా ఆ కాలం లెక్కలో పెట్టి చూస్తే సినిమా వేసిన అడుగు చిన్నది కాదు. ‘అందాజ్’ (1949)లో పెళ్లి కుదిరిన ఆడది మరో మగవాడితో స్నేహంగా ఉన్నందుకు ఘోరంగా మూల్యం చెల్లిస్తుంది. ‘సంగమ్’ (1964)లో ఇద్దరు స్నేహితులు ఆమెను ఎవరికి వదిలేయాలో తమలో తాము తేల్చుకుంటారు, ఆమెను ఎవరూ అడగరు. ‘రజనీగంధ’లో దీప బొంబాయిలో మరొకరిని కోరుకుంటుంది, ఇంటికి తిరిగొస్తుంది, హాయిగానే ఉంటుంది. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోదు.

తారలు లేని సినిమా

అమితాబ్ బచ్చన్ ‘జంజీర్’ 1973లో వచ్చింది. కోపధారి యువకుడి కాలం మొదలైన ఆ రోజుల్లో బస్సుల్లో తిరిగే, ఆఫీసు ఫైళ్ల గురించి మాట్లాడే హీరోతో సినిమా తీయడం సాహసమే. ‘బ్లిట్జ్’ పత్రికలో కార్టూనిస్టుగా పనిచేసిన బాసు ఛటర్జీ ‘తీస్రీ కసమ్’ (1966)కు సహాయ దర్శకుడిగా ఉండి, ‘సారా ఆకాశ్’ (1969)తో దర్శకుడయ్యారు. అది మన్నూ భండారీ భర్త రాజేంద్ర యాదవ్ నవల. అంటే ఒకే ఇంట్లోని ఇద్దరు రచయితల రచనలనూ ఆయన సినిమాలుగా తీశారు.

అమోల్ పాలేకర్ మరాఠీ నాటకరంగం నుంచి వచ్చారు, బ్యాంకు ఉద్యోగం కూడా చేశారు. దినేశ్ ఠాకూర్‌దీ నాటకరంగమే. చిత్రమేమిటంటే బాసు భట్టాచార్య తీసిన ‘అనుభవ్’ (1971)లోనూ ఆయన కథానాయిక పాత ప్రేమికుడే. మూడేళ్ల తేడాలో రెండుసార్లు గతం నుంచి తిరిగొచ్చిన మనిషి ఆయన!

ఫిల్మ్‌ఫేర్ అవార్డుల్లో ఆ ఏడాది ఉత్తమ చిత్రం, క్రిటిక్స్ ఉత్తమ చిత్రం రెండూ ‘రజనీగంధ’కే దక్కాయి. ఉత్తమ దర్శకుడి అవార్డు మాత్రం ‘రోటీ కపడా ఔర్ మకాన్’కు మనోజ్ కుమార్ తీసుకెళ్లారు. నిర్మాత జిందల్ తర్వాత సత్యజిత్ రాయ్‌తో ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977) నిర్మించారు.

ఇద్దరిలో ఎవరు అన్న ప్రశ్నను బాసు ఛటర్జీ ‘చిత్‌చోర్’ (1976)లో మళ్లీ ఎత్తుకున్నారు. అందులో కథానాయిక విశాఖపట్నంలో పుట్టిన జరీనా వహాబ్. పెళ్లికొడుకు అనుకుని వేరే అబ్బాయిని ఇంట్లోవాళ్లు నెత్తిన పెట్టుకోవడం, అసలువాడు వచ్చాక మాట మార్చడం అందులో కథ. అది ఇంకా ఎక్కువ నవ్విస్తుంది. కానీ అక్కడ అమ్మాయి మనసు మొదటి నుంచీ ఒక్కరి మీదే, తేల్చుకోవాల్సింది పెద్దలు. దీపకు ఉన్న కష్టం గీతకు లేదు.

మన్నూ భండారీకి సినిమాతో అనుభవం ప్రతిసారీ ఇంత సాఫీగా లేదు. ఆమె నవల ‘ఆప్‌కా బంటీ’ ఆధారంగా తీసిన ‘సమయ్ కీ ధారా’ తన రచనను వికృతం చేసిందని ఆమె కోర్టుకెక్కారు. 1986లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఆ తీర్పును రచయితల నైతిక హక్కుల గురించి లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. హక్కులు అమ్మిన తర్వాత కూడా రచనను వక్రీకరించకుండా అడ్డుకునే అధికారం రచయితకు ఉంటుందన్నది అందులోని కీలకాంశం.

విద్యా సిన్హా 2019 ఆగస్టులో మరణించారు. గీత రచయిత యోగేశ్ 2020 మే 29న, బాసు ఛటర్జీ జూన్ 4న, వారం తిరక్కుండా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. మన్నూ భండారీ 2021 నవంబరులో కన్నుమూశారు.