బాయి లోపల ఖౌఫ్, బాయి పైన దువా

2003 జూన్ 16. గోదావరిఖని ఏడు ఎల్‌ఈపీ బాయిలోకి ఒక్కసారిగా నీళ్ళు దూసుకొచ్చాయి. 17 మంది కార్మికులు లోపలే ప్రాణాలు వదిలారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, ఎనిమిది-ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. ఒకే సాల్‌లో ఒకే ఊరికి రెండు మాతమ్‌లు.

సింగరేణి తారీఖ్ రాసేవాళ్ళు మామూలుగా బొగ్గుతోనే మొదలుపెడతారు. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనుక్కోవడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు, తర్వాత నిజాం సర్కార్ చేతికి రావడం. అంతా కాగితాల మీద ఉంది. లోపలికి దిగేవాడి ఖౌఫ్ మాత్రం ఏ దఫ్తర్‌లోనూ ఎక్కలేదు. దాన్ని బాయి మీద ఉండే మైసమ్మ గుడి దగ్గర వెతకాలి. మస్టర్ పడి, క్యాప్ ల్యాంప్ తగిలించుకుని, ఆ గుడి ముందు ఒక్క క్షణం ఆగి దిగేవాళ్ళు ఎందరో. మనవాళ్ళు బిస్మిల్లా అనుకుంటారు. పెదవి కదులుతుంది, శబ్దం రాదు. మా అబ్బా కూడా అంతే. ఆయన నైట్ షిఫ్టుకు పోయిన రాత్రి అమ్మీ ఇషా అయ్యాక కూడా జానమాజ్ మడిచేది కాదు.

పెద్ద ముసీబత్ వస్తే మన ఇళ్ళలో ఆయతె కరీమా చదువుతారు. నలుగురూ కూర్చుని, గింజలు లెక్కపెట్టుకుంటూ, సవా లాఖ్ సార్లు. చేప కడుపులో ఉన్న హజ్రత్ యూనుస్ అలైహిస్సలాం చేసిన దువా అది. ఆయన చుట్టూ మూడు చీకట్లు ఉన్నాయంటారు ముఫస్సిర్లు: రాత్రి, సముద్రం, చేప కడుపు. బొగ్గు బాయి ఊరివాళ్ళకు దీని తఫ్సీర్ వేరే చెప్పక్కర్లేదు.

సింగరేణి ఎర్రజెండాల నేల కూడా. భయంలోంచే మజహబ్ పుట్టిందని హోటల్లో చాయ్ తాగుతూ వాదించే దోస్తులు నాకు చాలామంది. వాళ్ళ మాటలో కొంత సచ్చాయి లేకపోలేదు. నడి సముద్రంలో తుఫాన్ రాగానే అల్లాహ్‌ను పిలిచి, ఒడ్డెక్కగానే మర్చిపోయేవాళ్ళను ఖురాన్ కూడా నిలదీస్తుంది, ఒక్కచోట కాదు. అయితే ఆ నిలదీత ఒడ్డున మరపు గురించి. తుఫాన్‌లో పెట్టిన కేకను అది తప్పుపట్టలేదు.

ఈ వాదనలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: సలాతుల్ ఖౌఫ్, అంటే భయం వేళ చేసే నమాజ్. సూరె నిసాలో దాని పద్ధతి ఉంది. దుష్మన్ ఎదుట ఉన్నప్పుడు ఒక జమాత్ నమాజులో నిలబడుతుంది, రెండోది పహరా కాస్తుంది. తర్వాత వీళ్ళు అటు, వాళ్ళు ఇటు. నమాజులో ఉన్నవాళ్ళు సైతం ఆయుధం దించరు. జాతుర్రిఖా ప్రయాణంలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇలా నమాజ్ చేయించారు. చూడండి, నమాజ్ ఆగలేదు, పహరా కూడా ఆగలేదు.

బాయికి పహరా అంటే ఏమిటి? 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే రాశారు. నీళ్ళు నిండి ఉండగల పాత వర్కింగ్స్‌కు 60 మీటర్ల దూరంలోకి వస్తే, ముందుగా బోర్‌హోల్స్ వేసి చూసుకుంటూ పోవాలి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో నీళ్ళు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. ఆ నిబంధన అప్పటికే పుస్తకంలో ఉంది.

కొడుకు పోయిన తల్లి తఖ్దీర్ అంటే అది సబర్. ఆమె ముందు తల వంచుతాను. అదే మాట పహరా కాయాల్సినవాడి నోట వస్తే ఒప్పుకోను. తఖ్దీర్ అన్న మాట వాడి డ్యూటీ ఎగ్గొట్టడానికి దిగలేదు.

ఇప్పుడు రామగుండం చుట్టూ ఓపెన్ కాస్టులు పెరిగాయి, దిగుడు బాయిలు తగ్గుతున్నాయి. ఉన్నవాటిలో దిగేవాళ్ళు ఆ ఒక్క క్షణం ఇంకా ఆగుతూనే ఉన్నారు.