మహేంద్రగిరి మన్యము: సవరల సంస్కృతి, పర్లాకిమిడి తెలుగువారు

తూర్పు కనుమలు సముద్రమునకు మిక్కిలి చేరువగా వచ్చు తావులలో మహేంద్రగిరి యొకటి. దాని యెత్తు 1501 మీటర్లు. శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాలో నున్నది. దిగువ వాలులు శ్రీకాకుళం జిల్లాలోని మందస వైపునకు దిగును. పురాణములు ఈ కొండను పరశురాముని తపోభూమిగా చెప్పినవి. కొండపై కుంతి, యుధిష్ఠిరుడు, భీముడు అను పేర్లతో పిలువబడు ప్రాచీనమైన రాతిగుళ్లు కలవు. ఈ కొండలలో పుట్టిన మహేంద్రతనయ యొడ్డుననే పర్లాకిమిడి పట్టణము వెలసినది. ఇచ్చట తెలుగువారును, ఒడియావారును, సవరలును తరతరములుగా కలిసి బ్రదుకుచున్నారు. కావున ఈ సీమ చరిత్రను ఏ యొక్క భాషవారి చరిత్రగా వ్రాసినను అది సగము చరిత్రయే యగును.

కళింగమునేలిన తూర్పు గాంగులు తమ తామ్రశాసనములలో మహేంద్రాచల శిఖరమున వెలసిన గోకర్ణస్వామిని తమ యిలవేల్పుగా కీర్తించిరి. వారి రాజధానియైన కళింగనగరము వంశధార తీరమునందలి నేటి ముఖలింగమే యని చరిత్రకారులలో పెక్కురి యభిప్రాయము. ముఖలింగ శాసనములలో సంస్కృతముతోపాటు తెలుగును కలదు. రాజధాని పల్లమున, కులదైవము కొండపైన! మైదానపు రాజ్యము కొండను విడిచి మనలేదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

ఈ కొండలకు అనాదిగా కాపులు సవరలు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి జన్మసంబంధము లేదు. సవరలనగానే పోడు వ్యవసాయమే పలువురకు స్ఫురించును. కాని వారి నిజమైన నేర్పు మెట్ట మడులలో నున్నది. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, మట్టి జారకుండ సున్నమైనను లేక రాళ్లు పేర్చి గోడలు కట్టి, ఊటనీటిని పైమడి నుండి క్రిందిమడికి దింపి వరి పండింతురు. వానకు గోడ యొకచోట కూలిన క్రిందిమడులన్నియు చెడును. అందుచే ఒకరి గోడను నిలుపుట పదుగురి పని యగును. అడవియు వారికి పంటపొలము వంటిదే. చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు సంతలకు దిగును. పల్లపు పెండ్లిపందిళ్లలో ఎన్ని విస్తళ్లు ఈ కొండల అడ్డాకులతో కుట్టినవో, భుజించినవా రెవరును లెక్కించి యుండరు. జీలుగుచెట్టు కల్లు లేనిదే సవరల పండుగ గాని, పితృకార్యము గాని సాగెడిది కాదు.

సవరల కళలలో ప్రసిద్ధమైనది గోడచిత్రము. దీనిని ఇడితాల్ అందురు. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో, పుల్ల కొనతో, చతురస్రమైన యొక యిల్లు గీసి, అందు మనుష్యులను, గుఱ్ఱములను, ఏనుగులను, చెట్లను, సూర్యచంద్రులను నింపుదురు. ఇది గోడకు సింగారము కాదు. ఇంట వ్యాధి కలిగినను, పితరులు కలలో కనబడినను, ఆ దైవమునకో, ఆ పితరునకో నివాసముగా దీనిని లిఖింతురు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన సవరల మతగ్రంథమునందు ఈ చిత్రములకు విశేషమైన స్థానము కలదు. నేడు ఆ పాత కొలుపులు పెక్కు గ్రామములలో సన్నగిల్లినవి. చిత్రము మాత్రము గుడ్డ మీదికి, కాగితము మీదికి ఎక్కి అంగళ్లకు వచ్చినది. ఆకృతి నిలిచినది గాని, దానిని గీయించిన కారణము మఱుగుపడుచున్నది. కొనువారు ఈ భేదము నెఱుగుట మంచిది.

కొండల కళ అట్టిదికాగా, పల్లమున పర్లాకిమిడి కొమ్ముపనికి పేరుగాంచినది. రాజాదరణమున వృద్ధిచెందిన ఈ పనిలో పశువుల కొమ్మును వేడిచేసి మెత్తబఱచి, వంచి, కోసి, ఆకురాతితో రాచి, మెఱుగుపెట్టి దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవతామూర్తులు చేయుదురు. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి సంస్థానము వేయించిన చిన్నరైలు ఈ పట్టణమును ప్రధానమార్గముతో కలిపెను; 1931 నాటికి అది గుణుపురము వఱకు సాగెను. ఆ చిన్నరైలు 2004లో ఆగిపోయి, తరువాత పెద్దపట్టాల మార్గముగా మాఱినది.

ఇట్టి పట్టణమునకు 1880లో ఉపాధ్యాయుడై వచ్చినవాడు గిడుగు వేంకట రామమూర్తి. సంతలకు వచ్చు సవరల మాట వినివిని, ఆ భాష నేర్వ సంకల్పించి, ఇరుభాషలు తెలిసినవానిని ఇంట నుంచుకొని యభ్యసించెను. తెలుగులిపిలో సవరబాలురకు వాచకములు వ్రాసెను; సొంత ధనముతో బడులు పెట్టించెను. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా తెలుగువా రాయన నెఱుగుదురు. లిపిలేని జాతి నోటిమాటలోని నియమములను దశాబ్దముల పాటు పరిశీలించినవాడు, తెలుగు పల్లెవాని నోటిమాటను నియమరహితమని త్రోసివేయగలడా? ఆయన తెలుగునకు చేసిన సేవకు కొండభాష కొంత పాఠము నేర్పినదనుట సాహసము కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినది. పర్లాకిమిడి సంస్థానములో పట్టణముతోపాటు చిన్నభాగ మందు చేరెను. టెక్కలి వైపు భాగము మద్రాసు రాష్ట్రమున నిలిచెను. ఆ విభజనమునకు సమ్మతింపని రామమూర్తి, అర్ధశతాబ్దికి పైగా నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. తెలుగువారు ఈ దుఃఖమును నేటికిని తలచుకొందురు. కాని ఆ సరిహద్దు సవరలను సైతము రెండుగా చీల్చినది; వారి నడిగినవారు లేరు. ఆ యేటనే మంగేయి గొమాంగో సవరభాషకు సొరంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించెను. నేడు అదే భాషను ఒడిశాలో ఒడియాలిపిలోను, పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట వైపున తెలుగులిపిలోను, కొందఱు రోమనులిపిలోను, కొందఱు సొంతలిపిలోను వ్రాయుచున్నారు. ఒక తల్లి బిడ్డలు వ్రాసుకొన్న జాబులను ఒకరివి యొకరు చదువజాలని స్థితి యిది.

2022లో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. చెట్టునకు, పిట్టకు రక్షణ కలిగినందుకు సంతోషింపవలసినదే. అయినను ఆ చెట్టుకు సవరలు పెట్టిన పేరు, ఆ మడిగోడను పేర్చు నేర్పు, గోడచిత్రములోని యర్థము, కొమ్మును వంచు చేతివాటము ప్రకటనలతో నిలుచునవి కావు. నేర్చుకొనువా రున్ననే నిలుచును. ఎల్లకావల నున్న తెలుగువారు తమ పిల్లలకు తెలుగు బడి కావలెనని కోరుట న్యాయము. ఆ కోరికలోని న్యాయమే కొండమీది బిడ్డకును వర్తించును. పర్లాకిమిడిలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు నూఱేండ్లకు పూర్వమే చూపిన త్రోవ యిది. ఆయన పేరు తలచుకొనువారు ఆ త్రోవలో కొంత దూరమైనను నడచుట ఉచితము.