ఊరబావి చెంత నిలిచిన రచయిత

రాయచూరు మండలమందలి తెలుగువారికి నీటి విలువను వేరుగా చెప్ప నక్కరలేదు. తుంగభద్ర ఎడమకాలువ నీటి నాశించి ఆంధ్రదేశమునుండి సింధనూరు, మాన్వి ప్రాంతములకు వలసవచ్చి క్యాంపులు కట్టుకొన్న రైతు కుటుంబములు మన నడుమ నెన్నో కలవు. నీరున్న చోటికి మనుష్యుడు పోవుట సహజము. కాని కన్నుల యెదుటనే బావి యుండియు, అందులో చేద వేయరాని మనుష్యుని గతి యేమి? ఆ ప్రశ్నను సాహిత్యమున నిలిపిన ఆచార్య కొలకలూరి ఇనాక్‌గారిని గూర్చి యిచ్చట కొంత ముచ్చటింప దలచితిమి.

ఇనాక్‌గారు 1939లో గుంటూరు మండలమందలి వేజెండ్లలో, దళిత కుటుంబమున జన్మించిరి. తెలుగు ఆచార్యులై, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 2014లో పద్మశ్రీ బిరుదము లభించినది.

దళితుల బ్రతుకు అంతకుముందు మన నవలల కెక్కలేదని కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెఱలో రచించిన 'మాలపల్లి' 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. అది మహాగ్రంథమనుటకు సందియము లేదు. అయినను కరుణతో పల్లెను చూచి వ్రాయుట వేఱు, ఆ పల్లెలో పుట్టి వ్రాయుట వేఱు. అమెరికాలో హేరియట్ స్టో అను శ్వేతజాతి రచయిత్రి బానిసల కథను 1852లో గ్రంథముగా వెలువరించినది. ఆ బానిసల సంతతియందు పుట్టిన టోనీ మారిసన్ అదే బాధను 1987లో 'బిలవ్డ్' నవలగా వ్రాసి, 1993లో నోబెల్ బహుమానము నందినది. ఈ యిద్దరి నడుమనున్న దూరమే ఉన్నవవారికిని ఇనాక్‌గారికిని నడుమ మాకు కానవచ్చుచున్నది.

ఇనాక్‌గారి 'అనంత జీవనం' నవల అనంతపురపు కరవుసీమకు సంబంధించినది. దానికి 2015 సంవత్సరపు మూర్తిదేవి పురస్కారము లభించినది. కేంద్ర సాహిత్య అకాడమివారు మాత్రము 2018లో వీరి వ్యాసగ్రంథమైన 'విమర్శిని'ని ఎన్నుకొనిరి. కథకుని కీర్తి కథలవలననే గదా యని మాకు తోచినది!

మా మనస్సును మిక్కిలి కలచినది 'ఊరబావి' యను చిన్నకథ. దళితులను దరిజేరనీయని ఆ బావిలో ఒకనాడు చచ్చిన ఎద్దు కళేబరము తేలును. అంతటితో అంటరానితనము మనుష్యులను వదలి బావినే పట్టుకొనును. ఈ కథను చదివినపుడు మాకు ముందు నవ్వు వచ్చినది. నవ్వాగిన పిమ్మట మా పూర్వులు విడిచివచ్చిన ఊరి బావి జ్ఞప్తికి వచ్చినది. ఆ గట్టు నెవరు త్రొక్కుచుండిరో, ఎవరు దూరముగా కుండపట్టుకొని నిలిచియుండిరో మా పెద్దలు మాకు చెప్పియే యుండిరి. విత్తనములతోపాటు ఆ కట్టుబాటును గూడ మూటగట్టుకొని ఈ సీమకు తెచ్చుకొంటిమా యని మా క్యాంపులోని వృద్ధు నొకరి నడిగితిమి. ఆయన చాలసేపు బదులాడలేదు.