గోడల మధ్య తిమోతి

"హాల్లో గాజు తొట్టె పెట్టి నక్షత్ర తాబేలును పెంచుదామమ్మా" అంది మా అమ్మాయి. దానికి తిమోతి కథ చెప్పాను.

ఇంగ్లండులోని రింగ్మర్‌లో రెబెకా స్నూక్ అనే పెద్దావిడ, చుట్టూ గోడలున్న చిన్న పెరట్లో ముప్ఫై ఏళ్లకు పైగా ఓ తాబేలును పెంచింది. తిండి పెట్టే ఆవిడ కనిపిస్తే చాలు, అది తడబడుతూ ఎదురెళ్లేదట. చలికాలమంతా మట్టిలో దూరి నిద్రపోయేది. 1780లో ఆవిడ పోయాక, మేనల్లుడు గిల్బర్ట్ వైట్ దాన్ని తవ్వి తీసి, 80 మైళ్లు గుర్రబ్బండిలో సెల్‌బోర్న్‌కు తెచ్చుకున్నాడు. కుదుపులకు మేలుకున్న తాబేలు తోట చివరిదాకా రెండుసార్లు నడిచి, సాయంత్రం చలికి మళ్లీ మట్టిలో దూరింది. ఏళ్ల తరబడి గమనించి రాసిన ఆయనకూ తిమోతి ఆడదని తెలియలేదు. అది చచ్చిపోయాక, డిప్ప చూసి తేల్చారు.

గోడలున్నా తిమోతికి మట్టీ ఎండా దక్కాయి. ఇంట్లో పెంచేవాళ్లు లోతుగా మట్టి పోయాలి, వెచ్చదనానికి దీపం పెట్టాలి, అతినీలలోహిత కాంతినిచ్చే దీపమూ ఉండాలి. ఆ కాంతి అందకపోతే డిప్ప మెత్తబడుతుంది. పైగా మన దేశంలో నక్షత్ర తాబేలును పెంచుకోవడానికి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

"చట్టం సరే, మన పెరట్లో మట్టి ఎందుకు లేదమ్మా?" అంది.

కారు పెట్టుకోవడానికి సిమెంటు చేయించింది నేనే మరి.