గుత్తి దుర్గం: శిల, చూపు, నీరు

అనంతపురం జిల్లాలోని గుత్తి కోట చరిత్రను రాజవంశాల వరుసగా, యుద్ధాల పట్టికగా చెప్పడం పరిపాటి. పశ్చిమ చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలపు కన్నడ శాసనాలు, ఈ దుర్గాన్ని కోటలకే రాజుగా కీర్తించిన బుక్కరాయల శాసనం అందుకు ప్రధానాధారాలు. అయితే కోట బలాన్నీ, చివరకు దాని పతనాన్నీ నిర్ణయించినది అది నిలిచిన గ్రానైటు కొండ స్వభావమే.

చుట్టూ ఉన్న మైదానం నుంచి ఈ కొండ సుమారు వెయ్యి అడుగుల ఎత్తు లేచి ఉంటుంది. నిట్రమైన శిలాముఖాలే చాలాచోట్ల గోడలుగా పనికివచ్చాయి. శిఖర ప్రాంతంలో కొండ అంచున సున్నపు నునుపుతో కట్టిన చిన్న మండపాన్ని మురారిరావు గద్దె అంటారు. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే అక్కడ చదరంగం ఆడుతూ, ఖైదీలను కొండపై నుంచి తోయించి చూసేవాడన్న జనశ్రుతిని బ్రిటిష్ గెజిటీర్లు నమోదు చేశాయి. ఈ కథనం నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ చోటును అధికారపు చూపుకు సంకేతంగా జనం గుర్తుంచుకున్నారనడానికి అదే నిదర్శనం.

కానీ శత్రువును దూరం నుంచే చూపించే ఆ శిల నీటిని తనలో ఇముడ్చుకోదు. గ్రానైటులో నీరు పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది. అందుకే రాతి చీలికల్లో వాననీటిని పట్టే దొణలు, బావులే కోటకు ప్రాణాధారమయ్యాయి. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో ఆ ఆధారం ఎంత బలహీనమో ముట్టడి కాలంలో తేలింది.

1775–76లో హైదరాలీ గుత్తిని ముట్టడించాడు. మైసూరు చరిత్రకారుడు మార్క్ విల్క్స్ కథనం ప్రకారం మురారిరావు ధనమిచ్చి సంధికి సిద్ధపడ్డాడు. హామీగా పంపిన యువకుడు కోటలో నీరు మూడు రోజులకే సరిపోతుందని మాటల్లో బయటపెట్టాడు. సంధి నిలవలేదు. దాహానికి లొంగిన కోటను మురారిరావు అప్పగించవలసి వచ్చింది. అతడు బందీగా శ్రీరంగపట్టణానికీ, తర్వాత కబ్బాళదుర్గానికీ వెళ్లి అక్కడే మరణించాడు.

కాబట్టి గుత్తి అధ్యయనం గద్దె నుంచి కనిపించే దృశ్యంతో ఆగిపోరాదు. బురుజులకూ శాసనాలకూ ఇచ్చిన ప్రాధాన్యాన్ని దొణలకూ, బావులకూ, వాననీటి దారులకూ ఇచ్చినప్పుడే కరవు సీమలోని దుర్గ చరిత్ర సమగ్రమవుతుంది.